కోనసీమ కొబ్బరితోటల్లో గుడారం బస: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది సఖినేటిపల్లి వైపు. దసరా దాటిందంటే హైదరాబాద్ నుంచి, బెంగళూరు నుంచి చుట్టాల ఫోన్లు మొదలవుతాయి. "పిల్లలు టెంటులో ఉంటామని గొడవ చేస్తున్నారు బాబాయ్, మీ వైపు ఎలా ఉంటుంది?" అని అడుగుతారు. అందరికీ విడివిడిగా చెప్పిందే చెబుతున్నాను కాబట్టి, ఎక్కువమంది అడిగినవన్నీ ఒకచోట రాసిపెట్టాను. గుడారం ఎంత ఖరీదైనదో అడిగే ముందు అది ఏ నేల మీద ఉందో అడగండి. కింద రాసినదాంట్లో సగం దాని గురించే.

గ్లాంపింగ్ అంటే ఏమిటండీ? మామూలు టెంటుకీ దీనికీ తేడా ఏమిటి?

గ్లామర్, క్యాంపింగ్ కలిపి పుట్టించిన మాట. లంబసింగిలో చలికాలం వేసే చిన్న టెంట్లు చూసే ఉంటారు. అక్కడ వంగి లోపలికి దూరాలి, చాప మీద పడుకోవాలి, తెల్లారి బాత్రూమ్ కోసం వెతుక్కోవాలి. గ్లాంపింగ్‌లో గుడారం నిలువెత్తు ఉంటుంది. లోపల మంచం, పరుపు, ఫ్యాను, లైటు, ఛార్జింగ్ ప్లగ్గు, చాలాచోట్ల వెనకే సొంత బాత్రూమ్ కూడా ఉంటాయి. గుడ్డతో రెండు పొరలుగా కుట్టిన స్విస్ కాటేజ్ టెంటు, సగం బంతి ఆకారంలో ఉండే డోమ్ అన్నవి ఎక్కువగా వినబడే రకాలు. మా వైపు గాలికి, ఉక్కకు కిటికీలు నాలుగువైపులా తెరుచుకునే గుడ్డ గుడారమే నయం. డోమ్ ఫొటోకి బాగుంటుంది కానీ, ముందువైపు ప్లాస్టిక్ అద్దం ఉన్నదైతే పొద్దున తొమ్మిదింటికే లోపల ఉడికిపోతుంది.

కోనసీమ అంటే ఎక్కడి నుంచి ఎక్కడి దాకా? గుడారం ఎక్కడ ఉంటే బాగుంటుంది?

ధవళేశ్వరం దగ్గర గోదావరి చీలి, తూర్పున గౌతమిగా, పడమట వసిష్ఠగా సముద్రానికి వెళ్తుంది. ఆ రెండు పాయలకీ బంగాళాఖాతానికీ మధ్య మూడు మూలల నేలే కోనసీమ. మధ్యలో వైనతేయ ఇంకో పాయ. 2022 ఏప్రిల్‌లో అమలాపురం కేంద్రంగా విడి జిల్లా అయింది. చిన్న ప్రాంతమే. ఉదయం బయల్దేరితే సాయంత్రానికి ఈ కొస నుంచి ఆ కొసకి చూసేయొచ్చు. అయినా మూడు రకాల నేల ఉంది, మూడిట్లో మూడు రకాల రాత్రులు గడుస్తాయి.

మొదటిది నది ఒడ్డు. దిండి దగ్గర వసిష్ఠ చాలా వెడల్పుగా, నిదానంగా ఉంటుంది. టూరిజం వాళ్ల రిసార్టు, హౌస్‌బోట్లు అక్కడే కాబట్టి ఎక్కువమందికి తెలిసిన పేరు. సూర్యుడు నదికి ఆవలి ఒడ్డున, పశ్చిమగోదావరి చెట్ల వెనక దిగుతాడు. పిల్లలూ పెద్దలూ కలిసి వచ్చేవాళ్లకి నేను ఇదే చెబుతాను.

రెండోది లోపలి తోటలు. అంబాజీపేట, పి.గన్నవరం చుట్టుపక్కల కాలువగట్ల వెంట కొబ్బరి, కింద అరటి, మధ్య మధ్య కోకో, పోకచెక్క, మిరియం తీగ. ఇక్కడ సముద్రం కనబడదు. రాత్రి కాలువలో నీళ్ల చప్పుడు, తెల్లవారుజామున దింపు తీసేవాళ్లు కాయలు జారవిడిచే చప్పుడు వినబడతాయి. నా మనసుకి ఇదే అసలు కోనసీమ. కాటన్ దొర హయాంలో 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి, దాని నీళ్లు వైనతేయను దాటించడానికి గన్నవరం దగ్గర అక్విడక్టు కట్టారు. ఈ పచ్చదనం కంటికి సహజంగా కనబడినా, దీని వెనక కాలువల పుణ్యం చాలా ఉంది. పాత అక్విడక్టు పక్కన తర్వాత కట్టిన దానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. వచ్చినవాళ్లకి వేళ కాని వేళలో కూడా అన్నం పెట్టిన ఆ తల్లిది లంకల గన్నవరం.

మూడోది సముద్రపు ఒడ్డు: అంతర్వేది, ఓడలరేవు లాంటివి. అలల హోరు పక్కన పడుకోవాలనే కోరిక సహజమే. కానీ ఇసుకలో మేకు నిలవదు, ఉప్పుగాలికి గుడ్డ పాడవుతుంది, జిప్పు, ఫ్యాను తుప్పు పడతాయి, తాగే నీళ్లు బయటి నుంచి తేవాలి. పైగా పోటు గరిష్ఠంగా ఎక్కే గీత నుంచి 500 మీటర్ల దాకా నిర్మాణాలపై 1991 నుంచీ తీర నియంత్రణ నిబంధనలున్నాయి. సముద్రానికి ఆనుకునే టెంటు అని ఎవరైనా చెబితే, అనుమతి ఉందా అని అడగండి. తీరం నుంచి ఒక కిలోమీటరు ఇవతల సరుగుడు తోట చాటున బస చేసి, పొద్దునా సాయంత్రం తీరానికి నడిచి వెళ్లడం హాయి.

ఏ నెలలో రావాలి?

డిసెంబరు నడిమి నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా. అంతకు మించి ఆలోచించక్కర్లేదు. పొద్దున మంచు, మధ్యాహ్నం కాస్త ఎండ, రాత్రి దుప్పటి కప్పుకునేంత చలి. వరి కోసిన చేలు, మళ్లీ దాళ్వా (రెండో పంట) నాట్లు పడుతున్న చేలు రెండూ కనబడతాయి.

మార్చి పర్వాలేదు. ఏప్రిల్, మే వద్దు. ఎండ సంగతి అలా ఉంచితే ఉక్క మనిషిని కూర్చోనివ్వదు, గుడ్డ కింద అసలే నిలవలేరు. సాయంత్రం పైరగాలి తిరిగాక ప్రాణం లేచొస్తుంది కానీ ఆ రెండు గంటల కోసం పగలంతా వేగలేరు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు: వేసవిలో పంట కాలువలు కట్టేస్తారు. కాలువ పక్క గుడారం అని మురిసిపోయి మే నెలలో వస్తే కాలువలో బురద, నాచు కనబడతాయి.

జూలై, ఆగస్టు గోదావరి వరద రోజులు. అక్టోబరు, నవంబరు తుపాను రోజులు. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపానుకి వెయ్యిమందికి పైగా పోయారు, కొబ్బరి చెట్లు తలలు తెగి వరసగా పడిపోయాయి. ఆ తోటలు మళ్లీ కాపుకి రావడానికి ఏళ్లు పట్టింది. 2025 అక్టోబరు ఆఖర్లో మొంథా తుపాను కూడా ఈ నర్సాపురం వైపే తీరం దాటింది. ఆ రెండు నెలల్లో గుడారం ఎంత గట్టిగా కట్టినా నేను ఎవరినీ రమ్మనను. రావాలని పట్టుబడితే, పక్కనే పక్కా డాబా గది ఉన్న చోటు చూసుకోండి. వాతావరణ శాఖ హెచ్చరిక వస్తే డబ్బు వెనక్కి ఇస్తారా అని ముందే అడగండి.

పులస కోసం వర్షాకాలంలో వస్తాం. కుదరదా?

పుస్తెలమ్మైనా పులస తినాలన్న ఊళ్లో కుదరదని ఎలా చెప్పను! ఎర్రనీరు దిగినప్పుడు సముద్రం నుంచి ఇలస గోదావరికి ఎదురీదుతుంది. ఆ తీపినీళ్లలో ఈదాకే దాని రుచి మారి పులస అవుతుందని మావాళ్ల మాట. తినడానికి రండి, ఆ రాత్రికి గుడారం మాత్రం వద్దు, అమలాపురంలోనో రాజోలులోనో గది తీసుకోండి. పులస పేరు చెప్పి బయటి రాష్ట్రాల ఇలస అమ్మేవాళ్లున్నారు. తెలిసినవాళ్లని తోడు పెట్టుకుని రేవులోనే కొనండి.

వరద గురించి ఒక లెక్క గుర్తుపెట్టుకోండి. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది. మొదటి హెచ్చరిక వార్తల్లో వినగానే లంకల్లో, అంటే నది మధ్య దీవుల్లో, బస రద్దు చేసుకోండి. 1986 ఆగస్టులో 35 లక్షలు దాటింది. 2022 జూలైలో 25 లక్షలు దాటినప్పుడు లంక గ్రామాల వాళ్లు రోజుల తరబడి పడవల మీదే తిరిగారు.

బాత్రూమ్ ఎలా ఉంటుంది? ఆడవాళ్లకి ఇబ్బంది ఉండదా?

ఇంట్లో ఆడవాళ్లు ముందు అడిగేది ఇదే, అడగాల్సిందీ ఇదే. గుడారానికి ఆనుకుని బాత్రూమ్ ఉన్నచోటే తీసుకోండి. ఉమ్మడి బాత్రూమ్ అయితే ఎన్ని గుడారాలకి ఒకటో, రాత్రిపూట దారిలో లైటు ఉందో లేదో అడగండి. లోపలి గడియ పడుతుందా అన్నది కూడా చిన్న విషయం కాదు.

దానితోపాటు ఇంకో ప్రశ్న వేయమని నా కోరిక: ఆ మురుగు ఎక్కడికి పోతుంది? మా నేలలో కొన్ని అడుగులు తవ్వితే నీళ్లు పడతాయి. గొయ్యి తీసి వదిలేస్తే ఆ మురికంతా పక్కింటి బోరులోకే. మూసిన ట్యాంకు గానీ బయో టాయిలెట్ గానీ పెట్టామని సూటిగా చెప్పినవాళ్ల దగ్గర దిగండి. మాట తప్పించినవాళ్లు కాలువలోకి వదులుతున్నారేమోనని నేనైతే అనుమానిస్తాను. ఆ కాలువ నీళ్లతోనే దిగువ ఊళ్లవాళ్లు స్నానాలు చేస్తారు.

తాగడానికి క్యాన్ నీళ్లే తాగండి. తీరానికి దగ్గరయ్యేకొద్దీ బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, సబ్బు నురగ రాదు, జుట్టు అట్ట కడుతుంది.

ఏసీ ఉంటుందా?

కొన్నిచోట్ల ఉంటుంది. జనవరిలో అక్కర్లేదు. ఏసీ కోసం కిటికీలన్నీ బిగించుకుని పడుకుంటే ఇంత దూరం వచ్చి గాలి వదులుకున్నట్టే. కరెంటు పోతే ఏం చేస్తారో మాత్రం అడగండి. జనరేటర్ అయితే అది గుడారానికి ఎంత దూరంలో ఉందో కూడా.

కొబ్బరికాయ నెత్తిన పడితే?

నవ్వుకోవాల్సిన ప్రశ్న కాదండి. పెద్ద కాయ, ఎండిన మట్ట రెండూ ప్రాణం తీసేంత బరువుంటాయి. తెలిసిన రైతు ఎవరూ చెట్టు మొదట్లో మంచం వేయడు. గుడారం రెండు వరసల నడిమి ఖాళీలో ఉండాలి, చుట్టూ చెట్లకి దింపు ఈమధ్యే తీసి ఉండాలి, వేలాడే ఎండు మట్టలు కోసి ఉండాలి. దిగగానే ఒకసారి తలెత్తి చూడండి. పైన గెలలు కనబడితే మొహమాటపడకుండా వేరే గుడారం అడగండి. ఊయల కట్టే చెట్లకి కూడా ఇదే మాట.

పాములు, దోమలు?

ఉంటాయి. తోటలు, చేలు, ఎలకలు ఉన్నచోట పాములుండక తప్పదు. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది. నేల మీద పడుకున్నవాళ్లనే ఎక్కువగా కాటేస్తుంది, నొప్పి పెద్దగా తెలియకపోవచ్చు కూడా. అందుకే మంచం, దాని మీద నాలుగు అంచులూ పరుపు కిందకి దోపిన దోమతెర తప్పనిసరి. దోమలూ ఆగుతాయి, మిగతావీ ఆగుతాయి. గుడారం జిప్పు ఎప్పుడూ వేసి ఉంచండి, చెప్పులు దులిపి వేసుకోండి, టార్చి లేకుండా అడుగు బయట పెట్టకండి. కాటు వేస్తే మంత్రాల జోలికి వెళ్లకండి, కోసి రక్తం పీల్చకండి. 108కి ఫోన్ చేసి కాలు కదల్చకుండా అమలాపురం ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాలి. బస చేసే చోటికి అంబులెన్సు లోపలి దాకా వస్తుందా, గట్టు మీదే ఆగిపోతుందా అన్నది దిగిన రోజే చూసుకోండి.

రొయ్యల చెరువుల పక్కన ఉన్న చోటు నేను వద్దంటాను. దోమలకి తోడు రాత్రంతా చెరువు నీళ్లని చిలికే ఏరియేటర్ల రొద.

రాత్రి మంట వేసుకోవచ్చా?

కొబ్బరి డొక్కలు, మట్టలు ఎండినవి బోలెడు. మంట బాగానే అంటుకుంటుంది. కానీ ఈ ప్రశ్నకి మాత్రం బయటివాళ్లకి తెలియని జవాబు ఒకటుంది. కోనసీమ నేల కింద గ్యాసు ఉంది. 1995 జనవరిలో పాశర్లపూడి దగ్గర గ్యాసు బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండింది. రాత్రిళ్లు ఎన్నో ఊళ్లకి ఆ వెలుగు కనబడేది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం అనే ఊళ్లో గ్యాసు పైపులైను పేలి ఇళ్లలో నిద్రపోతున్నవాళ్లు పోయారు. ఆ జ్ఞాపకం ఇక్కడ ఎవరికీ చల్లారలేదు. కాబట్టి నిర్వాహకులు చూపించిన చోటే, ఇటుకలు పేర్చిన పొయ్యిలోనే మంట వేయండి. గొయ్యి తవ్వకండి. పైపులైను గుర్తు రాళ్లు, బోర్డులు కనిపిస్తే ఆ దరిదాపుల్లో అగ్గిపుల్ల కూడా వద్దు. గ్యాసు వాసన వస్తే సిగ్గుపడకుండా అందర్నీ లేపి బయటికి నడవండి.

గాలి ఎక్కువున్న రోజు ఎక్కడా మంట వద్దు. చుట్టుపక్కల తాటాకు పాకలుంటాయి.

సముద్రంలో స్నానం చేయొచ్చా?

అంతర్వేదిలో వసిష్ఠ సముద్రంలో కలిసే చోటు, అన్నాచెల్లెళ్ల గట్టు, కంటికి ఎంత నిమ్మళంగా కనబడుతుందో కాళ్ల కింద అంత మోసం. నది నీరు బయటికి తోస్తుంది, పోటు లోపలికి తోస్తుంది, ఇసుక అడుగు మారిపోతూ ఉంటుంది. సంగమం దగ్గర మోకాలి లోతు దాటకండి. మిగతా తీరంలో కూడా జాలర్లు నిలబడ్డ చోటే, వాళ్లనడిగే దిగండి. పిల్లల్ని చేయి వదలకండి. అల మిమ్మల్ని లోపలికి లాగితే ఒడ్డుకి ఎదురీదకండి, తీరానికి సమాంతరంగా పక్కకి ఈది తర్వాత తిరగండి.

భోజనం?

గుడారాల వాళ్లు పెట్టే బఫే కంటే ఆ ఊరి వంట అడగండి. ముందురోజు చెబితే చాలాచోట్ల చేసిపెడతారు. పనసపొట్టు ఆవపెట్టిన కూర, కొబ్బరి మామిడికాయ పచ్చడి, కొర్రమేను పులుసు. అంబాజీపేట వైపు పొద్దున పొట్టిక్కలు దొరుకుతాయి, పనసాకులు నాలుగు కుట్టి బుట్టలా చేసి అందులో ఇడ్లీపిండి పోసి ఆవిరికి పెట్టినవి. ఆ ఆకు వాసన ఇడ్లీకి పడుతుంది. దానికోసం గుడారం వదిలి ఏడింటికల్లా బయల్దేరడం దండగ కాదు.

రొయ్యలూ అవీ అని బోర్డులు చూసి మోసపోకండి, ఆ పొద్దున రేవులో ఏం దొరికిందో అదే వండమనండి.

సంక్రాంతికి గుడారం దొరుకుతుందా?

రెండు మూడు నెలల ముందే మాట్లాడుకోవాలి, ధర కూడా మామూలు రోజుల్లా ఉండదు. అయినా కనుమ రోజు ఇక్కడ ఉండటం అదృష్టమే. మొసలపల్లి జగ్గన్నతోటలో పదకొండు ఊళ్ల రుద్రులు ప్రభల మీద చేరతారు. వెదురుతో కట్టి, రంగు గుడ్డలు చుట్టి, నెమలి పింఛాలు, గంటలు అమర్చిన ఆ ప్రభల్ని మనుషులే భుజాల మీద మోస్తారు. గంగలకుర్రు ప్రభలు కౌశిక కాలువలోకి దిగి, మెడలోతు నీళ్లలో ఒరగకుండా అవతలి గట్టు ఎక్కే క్షణం చూడాలి. పచ్చని చేలో నుంచి తొక్కుకుంటూ వెళ్లినా రైతు ఏమీ అనడు, స్వామి నడిచిన చేను పండుతుందని నమ్మకం. 2023 గణతంత్ర దినోత్సవంలో ఆంధ్రప్రదేశ్ శకటం ఈ ప్రభల తీర్థమే.

ఆ రోజు కారు తోట దగ్గరికి వెళ్లదు. దూరంగా ఆపి నడవాలి. తోపులాట ఉంటుంది కాబట్టి మరీ చిన్నపిల్లల్ని తేవద్దు. అంతర్వేది కల్యాణం, రథోత్సవం మాఘమాసంలో, భీష్మ ఏకాదశి వేళకి. అప్పుడు కూడా సఖినేటిపల్లి దారంతా జనమే.

పెద్దవాళ్లని తీసుకురావచ్చా?

నిక్షేపంగా. మెట్లు లేని, మంచం ఎత్తు సరిపడా ఉన్న గుడారం అడగండి. గుడారం తాళ్లకి రాత్రిళ్లు కాలు తగిలి పడేది ఎక్కువగా పెద్దవాళ్లే. తాళ్లకి తెల్ల గుడ్డపీలికలు కట్టమనండి.

బుక్ చేసే ముందు ఇంకేం అడగాలి?

మెరక మీద ఉందా, పల్లంలో ఉందా అన్నది అడగండి. ఒకసారి మా అక్క కుటుంబంతో నేను దిగిన చోట ఫొటోలు అద్భుతంగా ఉన్నాయి. రాత్రి ఒక జల్లు పడింది. తోట బోదెలు నిండి, నీళ్లు నేరుగా గుడారం కిందకే వచ్చాయి. తెల్లవార్లూ మంచాల మీద కాళ్లు ముడుచుకుని కూర్చున్నాం. తర్వాత చూస్తే తోటలో అన్నిటికంటే పల్లం అదే, నది బాగా కనబడుతుందని అక్కడ వేశారు. గుడారం కింద అడుగున్నర ఎత్తు ఇటుక తిన్నె గానీ చెక్క వేదిక గానీ ఉండాలని అప్పటి నుంచి అందరికీ చెబుతున్నాను.

ఫొటోలు కాకుండా వీడియో పంపమనండి, పగటిదొకటి, రాత్రిదొకటి. ఊళ్లోవాళ్లు ఎంతమంది అక్కడ పనిచేస్తున్నారో అడగండి. చుట్టూ ఊరితో పొత్తున్న చోట పాము పట్టేవాడు, ఆటోవాడు, వంటావిడ, పడవవాడు అందరూ ఒక్క కేకకి పలుకుతారు.

పక్కవాళ్లకి ఇబ్బంది కలగకుండా ఏం పాటించాలి?

రాత్రి పాటల పెట్టెలు వద్దు. కాలువ రేవుల్లో ఆడవాళ్లు స్నానాలు చేసేచోట కెమెరా తీయకండి, డ్రోన్ అసలే ఎగరేయకండి. దింపు తీస్తున్న మనిషిని ఫొటో తీయాలంటే కిందికి దిగాక అడిగి తీయండి, పైనున్నప్పుడు పిలిచి తల తిప్పించకండి.

జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు మన తూర్పు తీరానికి గుడ్లు పెట్టడానికి రాత్రిళ్లు ఒడ్డెక్కుతాయి. గుడ్లు పొదగడానికి ఒకటిన్నర నుంచి రెండు నెలలు. పిల్ల తాబేలు వెలుతురున్న వైపు సముద్రముందనుకుని పాకుతుంది. గుడారం లైట్లు, ఫోన్ ఫ్లాష్ చూసి అది వెనక్కి తోటల్లోకి వచ్చి ఎండకి చస్తుంది. తీరం వైపు లైటు ఆర్పేయండి. తల్లి తాబేలు కనబడితే దూరంగా కూర్చుని చూడండి. ముట్టుకోవడం, గుడ్లు తీయడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం.

ఎలా చేరుకోవాలి?

హైదరాబాద్ నుంచి అయితే నర్సాపురం రైలెక్కి పొద్దున్నే పాలకొల్లులో దిగండి. చించినాడ వంతెన దాటితే దిండి. అమలాపురానికి ఇంకా రైలు లేదు, కోటిపల్లి–నర్సాపురం లైను పనులు సాగుతూనే ఉన్నాయి. లోపలి తోటలకి రాజమండ్రిలో దిగి రావులపాలెం మీదుగా రావడం నయం. విమానం దిగేదీ రాజమండ్రిలోనే. కాకినాడ వైపు నుంచైతే యానాం, ఎదుర్లంక వంతెన మీదుగా. ఆ దారిలో ఒక పూట ఆగి కోరింగ మడ అడవులు చూడండి.

అంతర్వేదికి మాత్రం నర్సాపురంలో పంటు ఎక్కి వసిష్ఠ దాటి సఖినేటిపల్లి రేవులో దిగమంటాను. కార్లూ బైకులూ మనుషులూ అన్నీ ఒకే పంటు మీద. గాలి ఎక్కువైనా, వరద వచ్చినా ఆపేస్తారు కాబట్టి రైలు పట్టుకోవాల్సిన రోజు దాని మీద ఆధారపడకండి.

వెళ్తూ వెళ్తూ ఏం కొనుక్కోవాలి?

ఆత్రేయపురం పూతరేకులు. 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రావులపాలెం నుంచి దగ్గరే. బోర్లించిన కుండ మీద పిండిలో ముంచిన గుడ్డ పరిచి రేకు తీయడం చూడొచ్చు, అడిగితే చూపిస్తారు. నెయ్యి, బెల్లం వేసినవి ఊళ్లో తినడానికి, పంచదారవి దూరప్రయాణానికి. రేకులు నలిగిపోతాయి, సూట్‌కేసులో కుక్కకుండా చేత్తో పట్టుకోండి. కొబ్బరికాయలు ఒలిపించుకుని పీచు కొంచెం ఉంచమనండి, అలా ఉంటే తొందరగా పాడవవు.